మంచుకు దగ్గరగా: మాక్రో ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలి ముదిరేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మంచు పేరుకుంటుంది. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం గడ్డి మీదా, ఆకుల మీదా కనిపించే మంచును బాగా దగ్గర నుంచి ఫొటో తీయడం గురించే కనుక, ఈ సంచికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ముందుగా మాటల విషయంలో ఒక చిన్న ఒప్పందం చేసుకుందాం. తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాట ఆకు మీది నీటిబొట్టుకూ, దారి కనపడనివ్వని పొగమంచుకూ, ఆకాశం నుంచి రాలే హిమానికీ, గడ్డకట్టిన చెరువుకూ కూడా చెల్లుతుంది; ఫొటో తీసేవారికి మాత్రం ఇవన్నీ వేర్వేరు వస్తువులు. అందుచేత గాలిలోని ఆవిరి నీరుగా మారకుండా నేరుగా స్ఫటికాలై అతుక్కునేదాన్ని ‘మంచుపూత’ అనీ, నీరు గడ్డకట్టగా ఏర్పడేదాన్ని ‘మంచుగడ్డ’ అనీ, మబ్బులో పుట్టి కిందికి రాలేదాన్ని ‘హిమపు పలుకు’ అనీ ఇక్కడ రాస్తాను.

ప్రశ్న: తెల్లవారగానే బయటికి వెళ్లి, ట్రైపాడ్ నిలబెట్టి, ఫోకస్ సరిచేసుకునేలోపు ఆకు అంచున ఉన్న మంచు ముళ్లు మొద్దుబారిపోతున్నాయి. అప్పటికి ఎండ ఇంకా రాలేదు. గాలి కూడా చల్లగానే ఉంది. ఎందుకిలా?

జవాబు: ఎండ రాకపోయినా మీరు వచ్చారు కదా. ఆ గడ్డిలో, ఆ సమయానికి, చుట్టుపక్కల అన్నింటికన్నా వేడిగా ఉన్న వస్తువు ఫొటో తీస్తున్న మనిషే. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 334 జౌళ్ల (జౌలు వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. మీరు ఫోకస్ చేస్తున్న ఒక్కొక్క ముల్లు బరువు మిల్లీగ్రాము కూడా ఉండదు కాబట్టి, దానికి ఒక జౌలులో మూడో వంతు వేడి చాలు. మనం వదిలే ఊపిరి వెచ్చగా ఉండడమే కాదు, ఆవిరితో నిండి ఉంటుంది. ఆ ఆవిరి చల్లటి ఆకు మీద ద్రవించేటప్పుడు వదిలే వేడి ఇలాంటి ముళ్లను ఎన్నింటినో కరిగించగలదు. ఒక్క నిట్టూర్పుతో రాత్రంతా పెరిగిన అంచు పోతుందన్నమాట.

దీనికి నేను పాటించే పద్ధతి చెబుతాను. మొదట గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, ఊపిరి ఆకు మీదికి పోకుండా పక్కకు కొట్టుకుపోయేలా నిలబడతాను. ముక్కునూ నోటినీ మఫ్లర్‌తో కప్పుకుని, క్లిక్ చేసే ముందు ఊపిరి బిగబట్టి, వదిలేటప్పుడు తల పక్కకు తిప్పుతాను. లెన్స్ కూడా పొడవైనదైతే మంచిది. 100 మి.మీ. మాక్రో లెన్స్‌తో వస్తువు బొమ్మ సెన్సర్ (కెమెరాలో వెలుగును పట్టే పలక) మీద అసలు పరిమాణంలోనే పడేలా, అంటే 1:1లో తీసేటప్పుడు, లెన్స్ ముందు గాజుకూ వస్తువుకూ మధ్య సుమారు 14 సెం.మీ. ఖాళీ ఉంటుంది. 60 మి.మీ. లెన్స్ అయితే ఆ ఖాళీ బాగా తగ్గి, ముఖం ఆకు మీద పెట్టినంత పనవుతుంది. వెచ్చటి ఇంట్లోంచి తెచ్చిన కెమెరానూ ట్రైపాడ్‌నూ వెంటనే మంచు దగ్గరికి తీసుకుపోకుండా, పావుగంటో అరగంటో బయట చల్లారనివ్వాలి. చేతి వేళ్లతో కాడను పట్టుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. కాడను కదలకుండా నిలపాలంటే, బయట రాత్రంతా ఉన్న పుల్లనో క్లిప్పునో వాడండి.

గాలి పొడిగా ఉండి కాస్త వీచినా మంచుపూత పాడవుతుంది. అప్పుడది కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. ముళ్ల కొనలు ముందుగా అరిగిపోతాయి. మీ ఆకు మీద తడి కనిపించకుండానే ముళ్లు మొద్దుబారి ఉంటే, ఆ దోషం మీది కాకపోవచ్చు.

ఇక సమయం. చాలామంది థర్మామీటరు సున్నాకు దిగితే తప్ప మంచుపూత రాదనుకుని పడుకుండిపోతారు. మబ్బులేని రాత్రి నేల, గడ్డి, ఆకులు తమ వేడిని ఆకాశంలోకి వదిలేసుకుని, మనిషి ఎత్తులో ఉన్న గాలి కన్నా ఎన్నో డిగ్రీలు చల్లబడతాయి. గాలి 3 డిగ్రీలు ఉన్నా గడ్డి మీద మంచుపూత పట్టవచ్చు. మబ్బు ఉంటే అది దుప్పటిలా అడ్డుపడుతుంది, గాలి గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి గాలి కిందికి కలుస్తుంది. కాబట్టి నిర్మలమైన ఆకాశం, నెమ్మదిగా ఉన్న గాలి, గాలిలో తేమ, ఈ మూడూ ఉన్న రాత్రిని ఎంచుకుని, పల్లపు ప్రదేశానికి వెళ్లండి. చల్లటి గాలి బరువుగా ఉండి పల్లానికే చేరుతుంది. రోజులో అతి తక్కువ ఉష్ణోగ్రత సాధారణంగా సూర్యోదయం అయిన కొద్దిసేపటికి నమోదవుతుంది కనుక, సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెడితే మంచు ఇంకా పెరుగుతుండగానే మీ పని సాగుతుంది.

ప్రశ్న: కంటికి సున్నం వేసినట్టు తెల్లగా కనిపించే మంచుపూత ఫొటోలో బూడిద కలిపినట్టు వస్తోంది, పైగా నీలంగా కూడా ఉంటోంది. కెమెరాలో లోపమా?

జవాబు: లోపం కెమెరాది కాదు, దానికి నేర్పిన లెక్కది. ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థమైన బూడిదరంగే ఉంటుందన్న నమ్మకంతో కెమెరా వెలుతురును కొలుస్తుంది. మీరు ఫ్రేము నిండా మంచును నింపితే, అది ఆ తెలుపును కూడా బూడిదరంగుకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +2 వరకు పెంచి, అంటే కెమెరా లెక్క కన్నా వెలుతురు ఎక్కువ తీసుకోమని చెప్పి, ప్రతిసారీ హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు, కుడిన తెలుపుగా ఫొటోలోని వెలుగును చూపే గ్రాఫు) చూడండి. గుట్ట కుడివైపుకు జరగాలి గానీ కుడి గోడకు కొట్టుకోకూడదు. నల్లటి నేపథ్యం మీద ఒక్క మంచు ముల్లును తీసేటప్పుడు మాత్రం ఇదే లెక్క తిరగబడుతుంది. నలుపు ఎక్కువగా ఉండడంతో కెమెరా వెలుతురు పెంచేసి ముల్లును కాల్చేస్తుంది, అప్పుడు మైనస్ వైపు పోవాలి. ‘మంచుకు ప్లస్’ అని బట్టీపట్టినవారు ఇక్కడే బోల్తా పడతారు.

నీలం సంగతి వేరు. నీడలో ఉన్న మంచుకు వెలుగు సూర్యుడి నుంచి రాదు, నీలాకాశం నుంచి వస్తుంది. ఆ వెలుగు రంగు ఉష్ణోగ్రత 7000 కెల్విన్ దాటి పోతుంది; ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా ఉంటుంది. కెమెరా రంగులను సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను ‘షేడ్’కు మారిస్తే తెలుపు తిరిగి వస్తుంది, రా ఫైలుగా (కెమెరా దిద్దని ముడి ఫైలుగా) తీస్తే ఇంటికి వచ్చాక తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అయితే ఆ నీలాన్ని పూర్తిగా తుడిచేయవద్దనే నా అభిప్రాయం. నీలం లేని మంచు ఉప్పులాగా కనిపిస్తుంది. తొలి ఎండ పడిన కొనలు పసుపుగానూ, నీడలోని మొదలు నీలంగానూ ఉన్న ఆకును మొత్తం తెల్లగా మార్చి పంపిన ఫొటోలు ఈ శీర్షికకు చాలా వస్తాయి. ఆ ఉదయపు చలి అంతా వాటిలోంచి పోయి ఉంటుంది.

ప్రశ్న: మంచు స్ఫటికాలకు కంటికి కనిపించే మెరుపు ఫొటోలో రావడం లేదు. పిండి చల్లినట్టు చదునుగా ఉంటోంది. రింగ్ ఫ్లాష్ కొన్నాను, అయినా మార్పు లేదు.

జవాబు: రింగ్ ఫ్లాష్ వల్లనే మార్పు లేదు. మంచు తెల్లటి వస్తువు కాదు, గాజులాంటి పారదర్శకమైన వస్తువు. అసంఖ్యాకమైన చిన్న పలకలు వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది. గాజును ఎదుటి నుంచి వెలిగిస్తే ఏమీ కనిపించనట్టే, మంచును లెన్స్ చుట్టూ ఉన్న దీపంతో వెలిగిస్తే దాని అంచులన్నీ మాయమైపోతాయి. వెలుగు వెనక నుంచి గానీ, వెనక పక్క నుంచి ఏటవాలుగా గానీ రావాలి.

రాలిపోయిన ఒక ఆకును తీసుకోండి. మంచుపూత దాని మీద సమానంగా పరుచుకోదు. అంచు పళ్ల మీదా, ఈనెల మీదా, నూగు మీదా ఎక్కువగా పడుతుంది. బయటికి పొడుచుకు వచ్చిన చోటికి చుట్టూ ఉన్న ఆవిరి సులువుగా చేరుతుంది, ఆ చోటే త్వరగా చల్లబడుతుంది. ఒక్కొక్క ముల్లు రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. బాగా దగ్గరగా చూస్తే దాని పక్కలు మెట్లు మెట్లుగా, పలక మీద పలక పేర్చినట్టు ఉంటాయి. ఈ ఆకు వెనక ఒక అడుగు దూరంలో నీడలో ఉన్న చీకటి పొద ఉండేలా, సూర్యుడు ఆకుకు వెనక ఎడమవైపు తక్కువ ఎత్తులో ఉండేలా కెమెరాను పెడితే, ప్రతి మెట్టు అంచూ ఒక వెలుగు గీతగా కనిపిస్తుంది. అక్కడి నుంచి కెమెరాను సూర్యుడున్న పక్కకు జరిపి, వెలుగు మీ వీపు వెనక నుంచి వచ్చేలా తీస్తే, అదే ఆకు మీరు చెప్పిన పిండిముద్ద అవుతుంది.

లెన్స్‌కు హుడ్ (పక్క వెలుగును ఆపే గొట్టపు అడ్డు) తప్పనిసరి, లేకుంటే ఎదురు వెలుగు ఫొటో మొత్తాన్ని తెల్లబారుస్తుంది. సూర్యుడు లేకపోతే చిన్న ఎల్ఈడీ దీపాన్ని వెనక పక్కన పెట్టండి, లేదా మీ ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి అక్కడ పెట్టి పల్చటి తెల్లకాగితం అడ్డు పెట్టండి. ఫ్లాష్ వెలుగు సెకనులో అతి చిన్న భాగమే ఉంటుంది కనుక మంచును కరిగించదు. పాతకాలపు వేడెక్కే బల్బు మాత్రం దగ్గరికి తేవద్దు.

ప్రశ్న: ఎఫ్/22 పెట్టి తీసినా ఆకులో ఒక సన్నటి పట్టీ మాత్రమే స్పష్టంగా ఉంటోంది, అది కూడా ఎఫ్/8లో తీసినంత పదునుగా లేదు. ఇంకా చిన్న అపర్చర్ ఉన్న లెన్స్ తీసుకోవాలా?

జవాబు: వద్దు. అపర్చర్ అంటే లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. మీరు గమనించిన రెండు విషయాలూ నిజమే, రెండింటికీ కారణం దగ్గరితనమే. ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాతో 1:1లో ఎఫ్/8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరు. 2:1కు, అంటే అసలుకు రెట్టింపు పరిమాణానికి వెళితే, అది ఒక మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. అపర్చర్‌ను మూసేకొద్దీ ఈ లోతు పెరుగుతుంది గానీ, సన్నటి రంధ్రం గుండా పోయే వెలుగు వ్యాపించి మసక కలిగిస్తుంది. మాక్రోలో అసలు చిక్కు ఏమిటంటే, 1:1 దగ్గర లెన్స్ మీద రాసి ఉన్న అంకె దాదాపు రెట్టింపుగా పనిచేస్తుంది. మీరు పెట్టిన ఎఫ్/22 ఆచరణలో ఎఫ్/44. అక్కడ వెలుగు చుక్క ఒక్కొక్కటి సెన్సర్ మీద పది పిక్సెళ్ల వెడల్పున చెదిరిపోతుంది. ఇక పదును ఎక్కడి నుంచి వస్తుంది?

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/11 మధ్యలో ఉండి, లోతును రెండు విధాలుగా సంపాదించుకోండి. మొదటిది ఖర్చులేనిది. మంచు ముళ్లలో చాలా భాగం ఒకే తలంలో ఉన్న చోటు వెతికి, కెమెరా సెన్సర్‌ను ఆ తలానికి సమాంతరంగా పెట్టడం. ఆకును పై నుంచి తిన్నగా తీయడం, గడ్డిపోచను పక్క నుంచి తీయడం, అద్దం మీద పరుచుకున్న మంచు తీగలను అద్దానికి ఎదురుగా నిలబడి తీయడం అలాంటివే. నా ఫొటోల్లో నాకు నచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇలా ఒక్క క్లిక్‌తో వచ్చినవే.

రెండోది ఫోకస్ స్టాకింగ్. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, ప్రతిదానిలోని స్పష్టమైన భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడం. 1:1లో ఎఫ్/8 దగ్గర ఒక్కో అడుగు అర మిల్లీమీటరు కన్నా మించకుండా చూసుకోండి. పది మిల్లీమీటర్ల లోతున్న ఆకుకు ఇరవై ముప్ఫై ఫొటోలు అవసరమవుతాయి. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటివి ఈ కలిపే పని బాగా చేస్తాయి. అయితే మంచుతో రెండు తంటాలున్నాయి. ఆ ముప్ఫై ఫొటోలు పూర్తయ్యేలోపు మంచు మారకూడదు, కనుక కెమెరాలోనే ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్‌ను తానే జరుపుతూ వరుసగా తీసే సౌకర్యం) ఉంటే చేత్తో తిప్పడం మాని దాన్నే వాడండి. ఇక మంచు పారదర్శకం కాబట్టి ముందున్న ముల్లులోంచి వెనకది కూడా కనిపిస్తుంది, మెరుపులు ఫోకస్‌తో పాటు ఆకారం మార్చుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌కు ఏది అంచో తెలియక వాటి చుట్టూ దెయ్యపు గీతలు వదులుతుంది. ఇలాంటి చోట వెలుగును కాగితంతో మెత్తబరిచి తీస్తే సగం సమస్య తగ్గుతుంది, మిగిలిన సగాన్ని చేత్తో దిద్దుకోవాలి.

ప్రశ్న: నా దగ్గర మాక్రో లెన్స్ లేదు. కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్స్, ఒక పాత 50 మి.మీ. లెన్స్, ఒక ఫోన్ ఉన్నాయి. మొదలుపెట్టవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. పాత 50 మి.మీ. లెన్స్‌ను రివర్స్ రింగ్‌తో తిరగేసి బిగిస్తే ఇంచుమించు 1:1 దాకా వస్తుంది. అపర్చర్‌ను లెన్స్ మీది రింగుతోనే తిప్పగలిగే పాత లెన్సులు దీనికి కొత్తవాటికన్నా అనువైనవి. తిరగేయడం ఇష్టం లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టం) వాడండి. ట్యూబ్ పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే పెరిగే పరిమాణం వస్తుంది, అంటే 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబ్ పెడితే సగం పరిమాణం అదనంగా దొరుకుతుంది. రెండు పద్ధతుల్లోనూ మంచుకు బాగా దగ్గరవుతారు కనుక మొదటి జవాబులో ఊపిరి గురించి రాసింది మరోసారి చదవండి. ఫోన్‌కైతే క్లిప్పుతో తగిలించే మాక్రో లెన్స్ చాలు. ఫోన్ సెన్సర్ చిన్నది కావడంతో స్పష్టమైన లోతు ఎక్కువగా వస్తుంది, అద్దం మీది మంచుకు అది చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: చలిలోంచి ఇంట్లోకి రాగానే కెమెరా నిండా తేమ పట్టింది, లెన్స్ లోపల కూడా మసక కమ్మింది. బయట ఉండగా బ్యాటరీ గంటలోపే అయిపోయింది. వీటికి మార్గం?

జవాబు: బయటి చలికి చల్లారిన లోహం ఇంట్లోని తేమగాలికి తగలగానే, చల్లటి నీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టినట్టు తేమ పడుతుంది. ఇంట్లో అడుగుపెట్టకముందే, బయటే, మెమరీ కార్డునూ బ్యాటరీనీ తీసి జేబులో వేసుకుని, కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసేయండి. తేమ అప్పుడు సంచి మీద పడుతుంది గానీ కెమెరా మీద కాదు. గది వేడికి చేరేదాకా, అంటే గంట రెండు గంటలపాటు, సంచి విప్పకండి. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రంతో అరగంటకే విప్పి లెన్స్ లోపల మసక తెచ్చుకున్న అనుభవం నాకూ ఉంది. ఇప్పటికే పట్టిన తేమను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టవద్దు, పొడిగా ఉన్న గదిలో దానంతటదే ఆరనివ్వండి.

బ్యాటరీ నిజంగా అయిపోలేదు. చలికి లోపలి రసాయన చర్య మందగించి, కావలసినంత విద్యుత్తు ఇవ్వలేకపోయింది. రెండు బ్యాటరీలు ఉంచుకుని ఒకదాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచి, మార్చి మార్చి వాడండి. ‘అయిపోయిన’ది వెచ్చబడగానే మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. సున్నా కన్నా చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని మాత్రం అలాగే చార్జింగ్‌కు పెట్టవద్దు, దాని లోపలి భాగం శాశ్వతంగా దెబ్బతింటుంది. లెన్స్ మీద మంచు పడితే ఊదకండి, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. మెత్తటి బ్రష్‌తో దులపండి.

ప్రశ్న: ఆరు రేకుల హిమపు పలుకును ఫొటో తీయాలని నాలుగు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. దొరికినవన్నీ విరిగిన ముక్కలు, ముద్దలే. బొమ్మల్లో కనిపించేవి నిజంగా రాలుతాయా?

జవాబు: రాలుతాయి, కానీ తక్కువ. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊరి రైతు విల్సన్ బెంట్లీ 1885 జనవరి 15న, పందొమ్మిదేళ్ల వయసులో, మైక్రోస్కోపును కెమెరాకు జతచేసి ఒక హిమపు పలుకును మొదటిసారిగా ఫొటో తీశాడు. 1931లో చనిపోయేదాకా అదే పని చేస్తూ ఐదు వేలకు పైగా పలుకులను తీశాడు. వెచ్చదనం లేని కొట్టంలో పనిచేస్తూ, నల్లటి పలక మీద పడినవాటిలో మంచిదాన్ని పుల్లతో ఎత్తి, గాజు మీద పెట్టి, పక్షి ఈకతో మెల్లగా అదిమి, ఊపిరి బిగబట్టి తీసేవాడు. ఆయన ఫొటోల్లో కనిపించే చిక్కటి నల్లటి నేపథ్యం కెమెరాలో వచ్చింది కాదు, నెగెటివ్ నకలు మీద స్ఫటికం చుట్టూ ఉన్న పూతను కత్తితో ఓపిగ్గా గీకేయగా వచ్చింది. ఆయన దాచుకున్నవి అందమైనవాటినే. మీకు దొరుకుతున్న ముద్దలు ఆయనకూ దొరికే ఉంటాయి.

ఏ రోజు ఏ ఆకారం రాలుతుందన్నది మబ్బులోని ఉష్ణోగ్రతా, తేమా నిర్ణయిస్తాయి. జపాన్‌లోని హొక్కైదో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకయా 1936లో ప్రయోగశాలలో, కుందేలు వెంట్రుక కొనన, మొదటి కృత్రిమ హిమస్ఫటికాన్ని పెంచి, ఆ సంబంధాన్ని పట్టికగా తేల్చాడు. సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర పలకలు, మైనస్ 5 దగ్గర సూదులు, స్తంభాలు ఏర్పడతాయి. మీరు కోరే కొమ్మలు తీరిన నక్షత్రాలు మైనస్ 15 ప్రాంతంలో, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వస్తాయి. నీటి అణువులు మంచులో షడ్భుజాలుగా పేర్చుకోవడమే ఆ ఆరు చేతులకు మూలం. గాలి లేకుండా, పలచగా, నెమ్మదిగా రాలే రోజు కోసం చూడండి. గాలి ఉంటే చేతులు విరుగుతాయి, దట్టంగా పడితే ఒకదానికొకటి అంటుకుంటాయి.

బయట చల్లారబెట్టిన ముదురు రంగు ఉన్ని గుడ్డ మీద వాటిని పట్టండి. ఉన్ని పోగులు పలుకును నేలకు తగలనివ్వకుండా పైకి ఎత్తి పట్టుకుంటాయి, అందువల్ల దాని కింద చీకటి, చుట్టూ గాలి ఉంటాయి. పరిమాణం విషయంలో మాత్రం 1:1 సరిపోదు. రెండు మిల్లీమీటర్ల నక్షత్రం 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్‌లో పద్దెనిమిదో వంతే ఆక్రమిస్తుంది. 3:1 నుంచి 5:1 వరకు కావాలి, 28 మి.మీ. లెన్స్‌ను తిరగేసి, దానికి ట్యూబ్ కూడా కలిపితే అక్కడికి చేరుకోవచ్చు.

ప్రశ్న: మా ప్రాంతంలో ఎప్పుడూ సున్నాకు దిగదు. ఫ్రిజ్‌లోని ఐసుతో చేయదగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, పైగా బయట దొరకనిది ఒకటి ఉంది. మొదట బుడగల సంగతి. నీళ్లలో కరిగి ఉన్న గాలికి మంచుగడ్డలో చోటుండదు. గడ్డకడుతున్న అంచు ఆ గాలిని ముందుకు నెట్టుకుంటూ పోతుంది, చివరికి పోయే దారి లేనిచోట బుడగలుగా బంధిస్తుంది. ఐసు ముక్క అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది కనుక నడుమ తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను దగ్గరగా చూస్తే, బుడగలు సూదుల్లా సాగి, అన్నీ మధ్యకే గురిపెట్టి ఉంటాయి. అదే నీటిని పక్కలా అడుగునా మందపాటి థర్మోకోల్ ఉండి పైన మూతలేని డబ్బాలో పెడితే, పై నుంచి కిందికి మాత్రమే గడ్డకట్టి, పై భాగం గాజులా స్పష్టంగా వస్తుంది. అడుగు గడ్డకట్టకముందే తీసేయాలి. ఒక పండుటాకును అందులో ఉంచి గడ్డకట్టిస్తే నీడలో నిలిచిన ఆకులా ఉంటుంది. బయటికి తీయగానే దాని మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఒకట్రెండు నిమిషాలు ఆగి, తడి వేలితో తుడిచి, వెనక నుంచి వెలిగించి తీయండి. తీయగానే నీళ్లు పోస్తే పగుళ్లు వస్తాయి. కొందరికి ఆ పగుళ్లే నచ్చుతాయి, అది వేరే సంగతి.

బయట దొరకనిది రంగు. మంచు స్ఫటికం గుండా పోయే వెలుగు దాని కంపన దిశను బట్టి స్వల్పంగా వేర్వేరు వేగాలతో పోతుంది. ఆ తేడా మామూలు వెలుగులో కనపడదు, ధ్రువిత వెలుగులో, అంటే ఒకే దిశలో కంపించే వెలుగులో, కనపడుతుంది. అలాంటి వెలుగు కోసం ఎక్కడికీ పోనక్కరలేదు, ఎల్‌సీడీ కంప్యూటర్ తెర నుంచి వచ్చేది అదే. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, లెన్స్‌కు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించి, తెర దాదాపు నల్లబడేదాకా ఫిల్టర్‌ను తిప్పండి. ఇప్పుడు గాజు పలక మీద గడ్డకట్టించిన పల్చటి మంచును తెరకూ లెన్స్‌కూ నడుమ పట్టుకుంటే, అంతవరకు రంగే లేని మంచు గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగుల ముక్కల్లా విడిపోతుంది. ఒక్కో రంగు మడి ఒక్కో స్ఫటికం. అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్నప్పుడు రంగులు చిక్కగా ఉంటాయి, మందం పెరిగేకొద్దీ వెలిసిపోతాయి. కరుగుతున్నప్పుడు మందం తగ్గి రంగులు మారిపోతుంటాయి కనుక ఆపకుండా తీస్తూ ఉండండి. గాజు పలకను తెరకు జానెడు దూరంలో, కింద పళ్లెం పెట్టి నిలబెట్టాలి. పళ్లెం ఎందుకని అనుకున్న రోజు నా కీబోర్డు ఒకటి పోయింది.

ప్రశ్న: తూనీగను కాసేపు ఫ్రీజర్‌లో పెడితే దాని మీద మంచుపూత వస్తుందనీ, కదలకుండా ఉంటుంది కనుక స్టాకింగ్ సులువనీ విన్నాను. ఎంతసేపు పెట్టాలి?

జవాబు: పెట్టవద్దు. అది కదలకుండా ఉండేది చలికి కొయ్యబారి, చాలాసార్లు చచ్చిపోయి. అలాంటి ఫొటోను ‘ఉదయపు మంచులో తూనీగ’ అని పంపితే అబద్ధం కూడా తోడవుతుంది. ఫ్రీజర్ మంచుకూ, రాత్రంతా ఆరుబయట పెరిగిన మంచుకూ తేడా తెలిసినవారికి మొదటి చూపులోనే కనిపిస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీయగానే పట్టేది గింజల్లాంటి మసక, ముళ్లు కాదు. చలి ఉదయాన చల్లబడి గడ్డిపోచకు వేలాడుతూ మంచుబొట్లతో నిండిన పురుగులు వాటంతటవే కనిపిస్తాయి. వాటిని తాకకుండా తీసి రండి.

ప్రశ్న: అడవిలో ఎండిపోయి కిందపడిన కొమ్మ మీద తెల్లటి పట్టుకుచ్చులాంటిది చూశాను. దూది అనుకుని ముట్టుకుంటే కరిగిపోయింది. అది ఏమిటి, మళ్లీ దొరుకుతుందా?

జవాబు: మీరు చూసింది మంచు వెంట్రుకలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందంతో, కొన్ని సెంటీమీటర్ల పొడవుతో, దువ్వినట్టు ఒకే వైపు వంగి పెరుగుతాయి. వెడల్పాకుల చెట్ల చచ్చిన కొమ్మల మీద, బెరడు ఊడిన చోట, ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువన ఉండి గాలి తేమగా ఉన్నప్పుడు కనిపిస్తాయి. ఖండాలు కదులుతాయని చెప్పిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1918లోనే వీటికి కొమ్మలోని శిలీంధ్రంతో సంబంధం ఉందని అనుమానించాడు. ఆ శిలీంధ్రం ఎక్సిడియాప్సిస్ ఎఫ్యూజా అని 2015లో తేలింది. కొమ్మలోని నీరు బయటి అంచున గడ్డకడుతూ వెంట్రుకలుగా బయటికి వస్తుంది; శిలీంధ్రం కొయ్యను అరగదీయగా మిగిలిన పదార్థాలు ఆ సన్నటి పోగులు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దైపోకుండా కాపాడుతున్నాయని పరిశోధకుల భావన.

ఫొటోకు ఇవి మంచుపూత కన్నా నాజూకైనవి. నేలకు ఆనించిన చిన్న సంచి మీద కెమెరాను పెట్టి, పక్క నుంచి వెలుగు పడేలా, వెంట్రుకలు వంగిన మలుపు సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. మలుపు దగ్గర మెరుపు ఒక గీతగా పారుతుంది, దాన్ని స్పష్టంగా పట్టుకుంటే మిగతాది మెత్తబడినా ఫరవాలేదు. ఎండ సోకిన నిమిషాల్లో మొత్తం పోతుంది. ఇక మళ్లీ దొరుకుతుందా అంటే, శిలీంధ్రం కొమ్మలోనే ఉంటుంది కనుక అదే కొమ్మ మీద ఏటేటా తిరిగి వచ్చే అవకాశం ఉంది. కొమ్మను ఇంటికి తెచ్చుకోకుండా, పక్కకు కూడా జరపకుండా, చోటు మాత్రం గుర్తుపెట్టుకుని రండి.